నీళ్ళ కుట్టు

లాస్ ఏంజెలెస్,
మే 14, 1984

నొయెమీకి,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. రెండూ గ్వదలూపే మాత పటం కింద పెట్టి, జవాబు రాసే ధైర్యం ఇమ్మని రోజూ అడుగుతున్నాను. ధైర్యం రాలేదు. నిన్న తమ్ముడు పంపిన కవరు మాత్రం వచ్చింది. అందులో కొలతల కాగితం. ఛాతీ, భుజం, మెడ, నడుము. అడుగున "అక్కా, ఐదేళ్ళలో నడుము రెండంగుళాలు పెరిగింది, నవ్వకు" అని రాశాడు. నాకు నవ్వు రాలేదు. ఇక రాయకుండా ఉండకూడదని ఇవాళ కలం పట్టాను.

నీ మాటలు నేను సరిగా అర్థం చేసుకున్నానో లేదో చూడు. "మెరుపు కాపరి" సినిమా మూడో భాగం వస్తోంది. దాని ప్రచారం కోసం, రెండో భాగంలో జనం ఊపిరి బిగబట్టి చూసిన ఘట్టాన్ని ఆగస్టులో మీ బెలెన్ ఉత్సవంలో అందరి ముందూ మళ్ళీ చేసి చూపిస్తారు. పెద్ద గాజు తొట్టెలో సగం బస్సు ముంచుతారు. అప్పుడు హీరోకి డూప్ వేసిన తమ్ముడు సిప్రియానో, మళ్ళీ ఆ నీలం దుస్తుల్లో అందులోకి దిగుతాడు. ఆ దుస్తులు నేను కుట్టాలి. ఆ రోజు వచ్చి వాడి ఒంటి మీద కుట్లు కూడా నేనే వేయాలి. అంతేనా?

నొయెమీ, ఆ బట్ట ఇప్పుడు దొరకదు. దానికి ఆ రంగు వేసే ముసలాయన పోయాడు. ఆగస్టులో మా స్టూడియో కుట్టుగదిలో తల ఎత్తడానికి తీరిక ఉండదు, నా కింద పదకొండుమంది పనిచేస్తున్నారు. నా కళ్ళు కూడా మునుపటిలా లేవు. ఇవన్నీ తమ్ముడికి నెమ్మదిగా చెప్పు. రైలు యార్డులో మంచి ఉద్యోగం, నీలాంటి భార్య, ఊళ్ళో గౌరవం. డూప్ వేషాలు మానేసి ఐదేళ్ళయింది. మళ్ళీ ఎందుకు?

ఆ రోజు షూటింగులో అసలేం జరిగిందని అడిగావు. అందరికీ తెలిసిందే జరిగింది. నీళ్ళు ఎక్కువ మింగాడు. దేవుడు కాపాడాడు.

మీ ఇద్దరి కోసం రోజూ జపమాల చెబుతున్నాను.

ఎర్లిందా


బెలెన్, న్యూ మెక్సికో,
మే 29

వదినా,

మీ ఉత్తరం మీ తమ్ముడికి చదివి వినిపించాను. బట్ట దొరకదన్న చోట లేచివెళ్ళి మంచం కింద పెట్టె లాగాడు. ఆ నీలం బట్ట, నాలుగు గజాలు, చిమ్మెటల మందు వాసన కొడుతూ బయటికొచ్చింది. అప్పట్లో మిగిలింది మీరే ఇచ్చారట. "పాపం, అక్క మరిచిపోయింది" అన్నాడు. మీరు మరిచిపోయే మనిషా? మా పెళ్ళికి ఎవరు ఏ రంగు గౌను వేసుకున్నారో మూడేళ్ళ తర్వాత కూడా చెప్తారు. కళ్ళు కనపడవన్నారు. మీ అక్షరాలు చీమల బారులా ఎంత తిన్నగా ఉన్నాయో చూసుకున్నారా?

నేను మీ మీద కోపంతో రాయడం లేదు. భయంతో రాస్తున్నాను. ఈ ఇంట్లో సంగతి మీకు తెలియదు. మీరొచ్చిన నాలుగు రోజులూ ఆయన సర్దుకుని ఉంటాడు. స్నానాలగది తలుపు ఊడదీసి పాకలో పడేశాడు. నేను కర్టెను వేలాడదీసుకున్నాను, మా అమ్మ వస్తే దాని మీద దుప్పటి కూడా కడతాను. జనవరిలో కూడా కారు అద్దాలు దించే ఉండాలి. చొక్కా మెడ బొత్తాం పెట్టుకోడు. గుళ్ళో ఎప్పుడూ తలుపు పక్క బల్ల మీదే. "నీ మొగుడు పూజ అవకముందే పారిపోదామని చూస్తున్నాడా?" అని ఫాదర్ గారు నన్నే ఏడిపిస్తారు.

పోయిన ఆదివారం పూజ అయ్యాక ఊరి హాల్లో రెండో భాగం మళ్ళీ వేశారు. ఊరంతా అక్కడే. నేను చూడటం అదే మొదటిసారి. గంటల గోపురం కూలి పెళ్ళివాళ్ళ మీద పడబోతుంటే మెరుపు కాపరి వీపు ఒడ్డి ఆపుతాడు కదా, అక్కడ ఒకటే ఈలలు. వంతెన విరిగి రైలు వేలాడితే రెండు చేతులతో పట్టుకుంటాడు, అక్కడ పిల్లలు బల్లలెక్కి నిలబడ్డారు. ఇక బస్సు ఏటిలో మునగగానే నా వెనక ఒకావిడ శిలువ గుర్తు వేసుకుంది. అందరూ బయటపడ్డాక తనొక్కడే లోపల చిక్కుకుని, మెడ దగ్గర పీక్కుని పీక్కుని, చివరికి అద్దానికి అరచెయ్యి ఆనిస్తాడు చూడండి, అక్కడ లేచి నిలబడి చప్పట్లు. క్షౌరశాల ఎలిసేయో, ఉత్సవం కమిటీకి ఈసారి ఆయనే పెద్ద, "ముసుగులో ఉన్నది నా ముందు గడ్డం గీయించుకునే ముఖమేనర్రా!" అని అరిచాడు.

నేను చప్పట్లు కొట్టలేదు. ఆ చెయ్యి నాకు తెలుసు. ఎక్కడైనా తలుపు అనుకోకుండా మూసుకుంటే మీ తమ్ముడు అలాగే ఆనిస్తాడు. అది నటన కాదు, వదినా.

బయటికొస్తే ఆయన అరుగు మీద పాప్‌కార్న్ పొట్లం పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపలికి రానేలేదు. ఎలిసేయో వచ్చి, "నొయెమీ, నీ మొగుడు నీళ్ళలోకి దిగితే అల్బుకర్కీ నుంచి కూడా జనం వస్తారు" అన్నాడు.

"అంత సరదాగా ఉంటే నువ్వే దిగు" అన్నాను.

"నేను దిగితే నీళ్ళన్నీ బయటికి పొర్లిపోతాయమ్మా!"

అందరూ నవ్వారు. మీ తమ్ముడూ నవ్వాడు. ఇంటికొచ్చాక మాత్రం అడిగాను, ఎందుకీ పని, ఎవరికోసం అని. అప్పుడు మొదటిసారి చెప్పాడు.

ఆ దుస్తులకి వెనక జిప్పు లేదట, తెర మీద కనబడుతుందని. అందుకని మీరు రోజూ పొద్దున్నే ఆయన్ని అందులో దూర్చి, నడుము నుంచి మెడదాకా వీపు మీద కుట్టేసేవారట. మామూలు రోజుల్లో మైనం రాసిన దారం, రెండు పేటలు. నీళ్ళలో పని ఉన్న రోజు మాత్రం ఒంటి పేట, మైనం లేకుండా, పొడుగు పొడుగు కచ్చా కుట్లు. తేలిపోకుండా బూట్లు బస్సు అడుగుకి బిగించేస్తారు. షాట్ అయ్యాక మెడ పట్టి ముందుకి లాగితే వెనక కుట్టు చర్రున విడిపోతుంది, బూట్లతో సహా దుస్తుల్ని అక్కడే వదిలేసి బయటికి ఈదేయాలి. మీరంతా దాన్ని నీళ్ళ కుట్టు అనేవారటగా. అలా చీల్చుకు రావడమే షాట్ అయిందనడానికి గుర్తు కూడా. అప్పటిదాకా ఎంత గింజుకున్నా నటన కిందే లెక్క.

"ఆ రోజు లాగలేకపోయాను, నొయెమీ. వందసార్లు చేసిన పనే. చెయ్యి చచ్చుబడిపోయింది. అక్క దారం ఎప్పుడూ మోసం చెయ్యలేదు. నా చెయ్యే చేసింది" అన్నాడు. స్టంట్ మాస్టరు "నీకు గుండె జారిపోయింది, ఇంటికి పో" అన్నాడట. తర్వాత ఎవరూ పిలవలేదట. ఒక్కసారి, ఒక్కసారి మళ్ళీ దిగి, అదే చేత్తో లాగి బయటికొస్తే చాలట.

ఇప్పుడు రోజూ తొట్టెలో తల ముంచి ఊపిరి బిగబడుతున్నాడు. పక్కన గడియారం పట్టుకుని నేను. ముంచిన తల ఇంకా లేవకపోతే నా ప్రాణం నోట్లోకొస్తోంది.

ఒక్క మాట చెప్పండి. ఆయన దిగితే బతికి బయటికొస్తాడా?

నొయెమీ


లాస్ ఏంజెలెస్,
జూన్ 11

నొయెమీకి,

నీ ఉత్తరం గుడికి తీసుకెళ్ళి అక్కడ కూర్చుని చదివాను.

సరే, దుస్తులు నేనే కుడతాను. ఆ నాలుగు గజాలూ పంపు. ఉత్సవానికి ముందురోజే వచ్చి, నా చేత్తో, ఒంటి పేట దారంతో నీళ్ళ కుట్టు వేస్తాను. వేశాక నేనే లాగి చూస్తాను. తొట్టె పక్కనే నిలబడతాను. వాడు దిగితీరాలంటే ఇంకెవరి చేతికీ సూది ఇవ్వకండి. బూట్లు బస్సుకి బిగించకూడదని కమిటీ చేత కాగితం రాయించుకో. కత్తి ఉన్న ఈతగాణ్ణి నీళ్ళలోనే ఉంచాలని కూడా రాయించు.

ఆ ఘట్టం ఇంతవరకూ నేను తెర మీద చూడలేదు. ఇక్కడ కుట్టుగదిలో అమ్మాయిలు ఎప్పుడైనా దాని మాట ఎత్తితే నేను లేచి ఇస్త్రీబల్ల దగ్గరికి వెళ్ళిపోతాను. మూడో భాగం దుస్తులు కూడా నా చేతి మీదుగానే వెళ్ళాయి. ఇప్పుడు పక్కన, చంక కింద, కనబడకుండా జిప్పు పెడుతున్నారు. తమ్ముడి తర్వాత ఎవరినీ లోపల పెట్టి కుట్టనివ్వలేదు. ఈ గదికి కిటికీలు లేవు, నొయెమీ. ఇరవై ఆరేళ్ళుగా ఇక్కడే ఉన్నాను. ఇన్నాళ్ళూ నాకది తెలియలేదు, ఈమధ్యే తెలుస్తోంది.

తన చేతిని తిట్టుకోవద్దని వాడికి చెప్పు. ఎందుకని అడిగితే, అక్క చెప్పిందని చెప్పు. అంతకంటే ఏమీ అడగొద్దను.

ఎర్లిందా


బెలెన్,
జూన్ 25

వదినా,

బట్ట పంపడం లేదు. ఎందుకో చదవండి.

మొన్న శనివారం మీ తమ్ముడు, "అక్క వచ్చేలోగా ఒకసారి చేసి చూద్దాం, నువ్వు కుట్టు" అన్నాడు. నాకు పిండిసంచులు కుట్టడం తప్ప ఏమొచ్చు? పాత పనిదుస్తులు వెనక నిలువునా కోసి, వంటింట్లో ఆయన్ని నిలబెట్టి, వీపు మీద ఒంటి పేట దారంతో కుట్టాను. రెండుసార్లు సూది గుచ్చాను. "మొగుడి వీపు దొరికింది కదా అని పగ తీర్చుకుంటున్నావా?" అన్నాడు. పొలం కాలువలోకి దిగాం. నడుము లోతు. బూట్లని రాయికి కట్టాడు. ఎందుకైనా మంచిదని మా అన్నయ్యని గట్టు మీద నిలబెట్టాను.

మునిగాడు. మెడ దగ్గర పట్టి లాగాడు. లాగడమేమిటి, రెండు వేళ్ళు తగిలాయో లేదో, కుట్టు మొత్తం విడిపోయి దుస్తులు నీళ్ళ మీద తేలాయి. మా అన్నయ్య చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టబోయాను.

ఆయన గట్టు మీద కూలబడ్డాడు. "చూశావా, ఎంత తేలికో. చంటిపిల్ల కూడా లాగేస్తుంది. ఈమాత్రం చెయ్యలేకపోయాను నేను" అన్నాడు. అలా గంటసేపు కూర్చున్నాడు, తడి బట్టలతోనే. ఆ సాయంత్రమే వెళ్ళి, బూట్లు బిగించకూడదని నేను రాయించిన కాగితం ఎలిసేయో దగ్గర చింపేసి వచ్చాడు. అచ్చం అప్పుడు చేసినట్టే చేస్తాడట. పోస్టర్లు కూడా అంటించేశారు.

మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్ళాక నేనొక పని చేశాను. అవే దుస్తులు మళ్ళీ కుట్టాను. ఈసారి రెండు పేటలు, కొవ్వొత్తి మైనం రాసి, దగ్గర దగ్గర కుట్లు. చేతిపంపుకి తొడిగి, మెడ పట్టుకుని నా బలమంతా పెట్టి లాగాను. నా గోరు విరిగింది. దారం తెగలేదు.

నేను పెద్దగా చదువుకోలేదు. దారం సంగతి మాత్రం నా వేళ్ళకి తెలిసింది.

మిమ్మల్ని నేనేమీ అనను. మీరే చెప్పండి.

నొయెమీ


లాస్ ఏంజెలెస్,
జూలై 3

నొయెమీకి,

నీ వేళ్ళు చెప్పింది నిజమే.

ఆ రోజు విభూది బుధవారం. నీళ్ళ షాట్ సాయంత్రం నాలుగింటికి. పొద్దున బస్సు పైకప్పు మీద దూకే షాట్లు. అవి పొడి షాట్లే, అయినా మళ్ళీ కుట్టే శ్రమ ఉండదని పొద్దున్నే నీళ్ళ కుట్టు వేసేశాను. రెండో దూకుడుకే కుట్టు విడిపోయి వీపంతా బయటపడింది. మా పర్యవేక్షకురాలు అందరి ముందూ నన్ను నిలబెట్టి, "నీ వదులు కుట్టు వల్ల పూట పని పోయింది. కుట్టడం రాకపోతే చెప్పు, వచ్చినవాళ్ళు వీధిలో బోలెడుమంది ఉన్నారు" అంది. ఆ గదిలో నేను గొంతెత్తి ఎవరితోనూ మాట్లాడి ఎరగను. అప్పుడూ మాట్లాడలేదు. రెండు పేటలు తీసుకుని, మైనం రాసి, మెడ దాకా బిగించి కుట్టాను. తమ్ముడు, "అక్కా, కోపం నా వీపు మీద చూపిస్తున్నావేమిటే?" అని నవ్వాడు. మూడింటికి విప్పి నీళ్ళ కుట్టు వేద్దామనుకున్నాను.

భోజనాల విరామంలో నుదుట విభూది పెట్టించుకోవడానికి గుడికి వెళ్ళాను. వరస చాలా పొడుగుంది. ఇక్కడ లైట్లు ముందే సిద్ధమైపోయాయని రెండింటికే వాణ్ణి నీళ్ళలోకి దింపేశారు. "కుట్టు చూసుకున్నావా?" అని స్టంట్ మాస్టరు అడిగితే, "మా అక్క కుట్టింది, చూసేదేముంది" అన్నాడట. నేను తిరిగొచ్చేసరికి వాణ్ణి చెక్కల మీద పడుకోబెట్టి నీళ్ళు కక్కిస్తున్నారు. నా కత్తెరతో నేనే కుట్లు కోశాను. ఆ దారం గుప్పిట్లో దాచేశాను.

వారం తర్వాత బీమావాళ్ళు వచ్చి అడిగారు. ఒంటి పేట దారమే అని కాగితం మీద రాసి సంతకం చేశాను. దేవుడి మీద ప్రమాణం అని ఆ కాగితంలోనే ఉంది. దారం మంచిదైతే తప్పు మనిషిదేనని తేల్చారు. వాణ్ణి ఇంటికి పంపారు. మరుసటి ఏడాది నాకు ఈ గది పెత్తనం వచ్చింది.

గుళ్ళో గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు ఎన్నోసార్లు చెప్పాను. "తమ్ముడికి చెప్పావా?" అని ఆయన ప్రతిసారీ అడుగుతారు. ఈ ఈస్టరు నుంచి ఆ గుడి మానేసి ఇంకో గుడికి వెళ్తున్నాను.

ఇది వాడికి చదివి వినిపించు. వాడు తన చేతి కోసం నీళ్ళలోకి దిగుతున్నాడు. ఆ చేతి తప్పేమీ లేదు. దిగనివ్వకు.

ఎర్లిందా


బెలెన్,
జూలై 16

వదినా,

చదివాను. ఆదివారం మధ్యాహ్నం, వంటింట్లో, పొయ్యి మీద చిక్కుళ్ళు ఉడుకుతుంటే. ఆయన బల్ల దగ్గర కూర్చుని విన్నాడు. "రెండు పేటలు, మైనం రాసి" అన్న చోట ఆపమన్నాడు. మళ్ళీ చదవమన్నాడు. మూడోసారి కూడా చదివించాడు. తర్వాత కుడి చెయ్యి బల్ల మీద పెట్టి, ఇటు తిప్పి అటు తిప్పి, కొత్తగా ఎవరో ఇచ్చిన వస్తువులా చూసుకున్నాడు. "ఐదేళ్ళు దీన్ని ఎన్ని తిట్లు తిట్టానే" అన్నాడు. ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. చిక్కుళ్ళు మాడిపోయాయి.

మీ మీద అరవలేదు. అరిస్తే బాగుండేది. ఒకటే అడిగాడు.

"నేను నీళ్ళలో ఉన్నప్పుడు అక్క ఎక్కడుందన్నావు?"

"గుళ్ళో. విభూది వరసలో."

"పోనీలే. చూడలేదు కదా. అది గానీ కళ్ళారా చూసుంటే అక్క బతికేది కాదు" అన్నాడు. ఆ ఒక్క ముక్కతో ఆయన ముఖం తేటపడింది. అది పట్టుకునే తిరుగుతున్నాడు. "తెలిసి చేసింది కాదు, నొయెమీ. అక్కడ లేనే లేదు" అని ఇవాళ కూడా నాకు చెప్పాడు, నేనేదో వాదిస్తున్నట్టు.

సోమవారం ఎలిసేయో దగ్గరికి వెళ్ళి, దిగనని చెప్పేశాడు.

"పోస్టర్లు అంటించేశాక ఇదేం పనయ్యా! జనానికి ఏం చూపించను?"

"చేపలు చూపించు."

"చేపల్ని చూడ్డానికి అల్బుకర్కీ నుంచి ఎవడొస్తాడు?"

"నేను మునగడం చూడ్డానికి వచ్చేవాళ్ళు రాకపోతేనే మేలు" అన్నాడట. ఎలిసేయో డబ్బు తీసుకోకుండా గడ్డం గీసి పంపాడు.

ఇక రెండు సంగతులు, ఆయన రాయమన్నవి. ఒకటి, కంపెనీ కాగితాల్లో తన పేరు పక్కన గుండె జారినవాడని రాసి ఉంది, అది కొట్టేయించాలి. అంటే మీరు నిజం రాసి సంతకం పెట్టాలి. దానివల్ల మీకేమవుతుందో ఆయనకి తెలుసు. తెలిసే అడుగుతున్నాడు. రెండోది, ఇప్పుడే మిమ్మల్ని రావద్దన్నాడు. "కొన్నాళ్ళు పోనీ" అన్నాడు. నాకు మధ్యలో మాటలు అతికించడం రాదు, ఉన్నదున్నట్టు రాశాను.

నొయెమీ


లాస్ ఏంజెలెస్,
జూలై 24

నొయెమీకి,

వాడు అడిగిన కాగితం శుక్రవారం రాసి ఇచ్చాను. కంపెనీ అధికారి ముందు చదివి సంతకం చేశాను. దాని నకలు ఒకటి దీనితో పంపుతున్నాను. అది ఎవరికైనా చూపించండి, ఎలిసేయోకి కూడా. నన్ను సాయంత్రం లోపల పెట్టె సర్దుకోమన్నారు. అమ్మాయిలు ఏడ్చారు. నేను బయటికి వచ్చి బస్సు కోసం నిలబడితే ఎండ కళ్ళలో పడింది. బాగుందనిపించింది. ఆ తర్వాత నీ ఉత్తరంలో వాడి మాట గుర్తొచ్చింది. అక్క చూడలేదు కదా, అన్న మాట.

నొయెమీ, నేను చూశాను.

విభూది పెట్టించుకుని పరుగెత్తుకుంటూ వచ్చాను. లోపలికి అడుగు పెట్టానో లేదో గంట మోగింది, ఎర్రదీపం వెలిగింది. అది వెలిగాక ఎవరూ చప్పుడు చేయకూడదు, అడుగు కదపకూడదు. తొట్టెకి పక్కన కెమెరా కోసం పెద్ద అద్దం ఉంది. ఆ అద్దంలోంచి వాడి వీపు కనబడింది. లైట్ల కింద నా కుట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా ఉన్నాయి. నాకు తెలిసిపోయింది. నోరు తెరిచాను. పక్కనే పర్యవేక్షకురాలు పెదాల మీద వేలు పెట్టి, నా చెవిలో, "నుదురు తుడుచుకో, బట్టలకి బూడిద అంటుతుంది" అంది.

నేను నుదురు తుడుచుకున్నాను.

లాగితే తెగుతుందిలే అనుకున్నాను. పొద్దున ఒక పూట పని నావల్ల పోయింది, ఇప్పుడు ఇది కూడా ఆపితే నన్ను ఉంచరు అనుకున్నాను. రెండూ అనుకున్నాను, ఏది ముందో ఇప్పుడు చెప్పలేను. మరియమ్మ జపం మొదలుపెట్టాను. ఒక జపం అయ్యేసరికి వాడి చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. రెండో జపంలో రెండు చేతులతో లాగాడు. అక్కడ ఉన్నవాళ్ళందరూ, ఎంత బాగా చేస్తున్నాడో అని కళ్ళప్పగించి చూస్తున్నారు. నటన కాదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మూడో జపంలో వాడు ఇటు తిరిగి, బస్సు అద్దానికి అరచెయ్యి ఆనించాడు. నా వైపు. ముసుగులోంచి నన్ను చూశాడో లేదో తెలియదు. మూడు జపాలూ పూర్తి చేశాను. అప్పటికీ నేను అరవలేదు. కాపలాకి పెట్టిన ఈతగాడికి ఏదో అనుమానం వచ్చి తనంతట తనే లోపలికి వెళ్ళాడు.

దారం తొందరపాటు అనుకో. దొంగ సంతకం భయం అనుకో. ఈ మూడు జపాలకి నా దగ్గర ఏ మాటా లేదు. గురువుకి కూడా ఇది ఎప్పుడూ చెప్పలేదు. పోయిన ఉత్తరంలో నీకూ అబద్ధమే రాశాను. ఐదేళ్ళుగా రోజూ జపమాల చెబుతున్నానని నీకు రాస్తుంటాను కదా. ప్రతిసారీ మూడో జపం దగ్గర ఆగిపోతాను.

వాడు ఇప్పుడు ఆ ఒక్క మాట పట్టుకుని తేటపడ్డాడన్నావు. అది కూడా తీసేసుకోవాలా అని నాలుగు రోజులు ఆలోచించాను. చెప్పకపోతే మళ్ళీ నేను అక్కడే నిలబడి ఉన్నట్టు, వాడు లోపల ఉన్నట్టు. ఇక వల్లకాదు. వాడు రావద్దన్నాడు, నాకు తెలుసు. ఆగస్టు రెండో తేదీ బస్సుకి వస్తున్నాను. మీ ఇంట్లోకి రాను. వాకిట్లో నిలబడి చెప్పి, పొమ్మంటే అదే బస్సుకి వెళ్ళిపోతాను.

అప్పటిదాకా నీ మీద ఈ బరువు పెడుతున్నందుకు నన్ను తిట్టుకో. ఈ ఉత్తరం నీ దగ్గర దాచు, చింపకు, వాడికి మాత్రం చూపించకు. కాగితం మీద చదివితే, వాడు నా ముఖం చూడకుండానే నన్ను క్షమించేస్తాడు.

ఎర్లిందా